గట్టెక్కిన ఓడ



కష్టం తీరితే గట్టెక్కాం అంటాం. ఓడలవాళ్లకు అది తలకిందులు. ఓడ గట్టెక్కిందంటే గండం మొదలైనట్టే. కొండ కింది ఊళ్లో ఓడ గోలేంటని నవ్వబాకండి. 2022లో జిల్లాలు విడదీశాక మన తిరుపతికీ సముద్రం వచ్చింది.

2020 అక్టోబరులో వాయుగుండం గాలికి 'ఎం.వి. మా' అనే బంగ్లాదేశ్ సరకు ఓడ విశాఖ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. లోపలున్న 15 మందీ బతికారు. జనం సెల్ఫీలకు ఎగబడ్డారు. చూసినవాళ్లంతా అడిగింది ఒకటే: లాగేస్తే పోలా?

పోదు. రాళ్ల మీద లాగితే అడుగు రేకు చీలుతుంది. 80 మీటర్ల ఓడ కింద ఒక్క సెంటీమీటరు నీళ్లు తగ్గితే సుమారు 8, 9 టన్నుల బరువు నేల మీద పడుతుంది. విశాఖలో ఆటుకూ పోటుకూ తేడా మనిషెత్తు కూడా ఉండదు. కాబట్టి ముందు చమురు తోడాలి, బరువు దించాలి, పెద్ద పోటు కోసం కాచుకోవాలి. ఇంకో వింత: గాలివాన తగ్గేదాకా ట్యాంకుల్లో నీళ్లు నింపి ఓడను ఇంకా బరువెక్కిస్తారు, అలలు దాన్ని మరింత పైకి నెట్టకుండా. ఎత్తాల్సినదాన్ని ముందు అణచిపెట్టడమన్నమాట.

'మా' మాత్రం మళ్లీ తేలలేదు. దాన్నే హోటలుగా మార్చాలని పర్యాటక శాఖ అనుకుంది. ఓడ ఇంజన్ల దగ్గర బతికినవాణ్ని, నాకది మింగుడుపడలేదు.

లాగేముందు బరువు దించాలనే పాఠం నేను మొదట నేర్చింది ఓడ మీద కాదు, స్వర్ణముఖి ఏటి ఇసుకలో. దామలచెరువు మండీకి పోతున్న తోతాపురి లారీ ఇరుసుదాకా దిగబడింది. డ్రైవరు ఎక్సలేటరు తొక్కేకొద్దీ చక్రం ఇంకా లోపలికి పోతోంది. కుర్రాళ్లం మోకు కట్టి సిద్ధమయ్యాం.

"లాగబాకండ్రా. ముందు కాయ దించండి" అన్నాడు నాయన.

గంప తర్వాత గంప, రాత్రంతా దించాం. టైర్లలో గాలి తీశాం. చక్రాల కింద కొబ్బరి మట్టలు పరిచాం. తెల్లారేసరికి లారీ గట్టెక్కింది. కాయ మళ్లీ ఎక్కించేటప్పుడు రెండు గంపలు తక్కువొచ్చాయి. మా మూతులకంటిన రసం చూసి కూడా నాయన ఏమీ అడగలేదు.