మన పిల్లల చేతికి బ్యాటు ఎప్పుడొస్తుంది?

(పల్లెలో పిల్లల ఆటల పోటీలు ముగిసిన సాయంత్రం తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఆటల మీద ఉపన్యాసమేంటి, కూలిరేట్ల గురించి మాట్లాడొచ్చు గదా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. కూలిరేట్ల గురించీ మాట్లాడతాం. ఇవాళ మాత్రం మన పిల్లలు అంటున్న మాటలు వినండి. మీ ముందు వాళ్ళు నోరిప్పరు. బళ్ళో మా దగ్గర ఇప్పుతారు. పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు. మీసం మొలవకముందే ఊరి సంగతి అర్థమైపోతున్న వయసు.

వీళ్ళకి క్రికెట్టంటే ప్రాణం. ఐపీఎల్ మొదలైతే ఎవడెన్ని కొట్టాడో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. లెక్కల పరీక్షలో సగటు కట్టలేనివాడు బ్యాట్స్‌మన్ సగటు మాత్రం నోటితో చెబుతాడు. దాన్ని మేము తప్పు పట్టం. ఆ లెక్క వచ్చినవాడికి ఈ లెక్క చెప్పలేకపోవడం బడి లోపం.

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు మాతో వాదానికి దిగాడు. "టీవీలో ఆడేవాళ్ళ కులం ఎవరడుగుతున్నారు సార్? కొట్టినోడికి చప్పట్లు కొడతన్నారు. ఆటలో కులం లేదు" అన్నాడు. పక్కనే పదో తరగతివాడు నవ్వాడు. "నీకు టీవీలో లేదురా. మన గ్రౌండులో ఉంది. నాకెప్పుడూ బౌలింగే. పొద్దుగుంకాక ఆఖరి ఓవరు బ్యాటిస్తారు. అప్పుడు బంతి కనపడి చస్తదా?"

ఈ మాట మీద ఆగుదాం. బ్యాటు ఊళ్ళో కుర్రాళ్ళది. డబ్బులు పెట్టి కొన్నారు కాబట్టి ముందు వాళ్ళే ఆడాలి. మన పిల్లవాడు ఎండలో పరిగెత్తి పరిగెత్తి బంతి వెయ్యాలి. బంతి బావిలో పడితే దిగేది మనవాడు. అదే బంతి వాళ్ళ దొడ్లో పడితే మాత్రం మనవాడు గేటు బయట నిలబడాలి. దాహమేస్తే వాళ్ళు చెంబెత్తి తాగుతారు, మనవాడికి దోసిట్లో పోస్తారు. ఎవరూ తిట్టరు, కొట్టరు. "మన టీమేరా" అని భుజం మీద చెయ్యి కూడా వేస్తారు. పిల్లవాడికి అదే అర్థం కావటం లేదు. టీములో ఉన్నట్టా, లేనట్టా?

ఇది ఇవాళ పుట్టిన సంగతి కాదు. పల్వంకర్ బాలూ పేరు మీ పిల్లల్ని అడగండి, తెలియదంటారు. పాఠంలో లేదు మరి. ధార్వాడ్‌లో పుట్టిన చమార్ కులస్తుడు. పూనాలో తెల్లవాళ్ళ క్లబ్బులో పిచ్ చదును చేసి, వలలు కట్టే పని చేశాడు. దొరలు ప్రాక్టీసు చేసుకోడానికి ఈయన గంటల తరబడి బంతులు వేసేవాడు. వేలకొద్దీ బంతులు వేయించుకున్న దొరలు ఒక్కసారీ ఆయన చేతికి బ్యాటివ్వలేదని చెప్పుకుంటారు. మన పదో తరగతివాడి మాటే గదా ఇది!

తర్వాత హిందువుల జట్టుకి ఆయన బౌలింగు కావలసి వచ్చింది. తీసుకున్నారు. మైదానంలో ఆయన తాకిన బంతినే తాకారు. టీ తాగే వేళకి ఆయనకి బయట, మట్టి పిడతలో పోశారు. లోపల వాళ్ళు పింగాణీ కప్పుల్లో తాగారు. 1911లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టులో బాలూ 114 వికెట్లు తీశాడు. అయినా హిందువుల జట్టుకి కెప్టెన్ని చెయ్యలేదు. ఆయన తమ్ముడు విఠల్‌ని 1923లో చేశారు, అదీ ఎంతో గొడవ జరిగాక. (ఈ బాలూయే 1937 ఎన్నికల్లో బాబాసాహెబ్ మీద పోటీ చేసి ఓడిపోయాడు. అది వేరే కథ, ఇంకో రోజు చెప్పుకుందాం.)

పాతకాలం సంగతి, ఇప్పుడెక్కడిది అంటారా? 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో ఆ పని చేసిన మొదటి భారతీయురాలు. నాలుగు రోజులకి మన జట్టు సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడింది. హరిద్వార్ దగ్గర ఆ పిల్ల ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారని ఇంటివాళ్ళు పోలీసులకు ఫిర్యాదిచ్చారు. గెలిస్తే దేశం బిడ్డ. ఓడితే వాడ బిడ్డ. టీవీలో కులం లేదన్న తమ్ముడికి మేము ఇదే చెప్పాం. చప్పట్లు కొట్టేదెవరో ఒక్కటే కాదు, ఓడిన రోజు నీ వీధిలోకి ఎవరొస్తారో కూడా చూడాలి.

వాడు ఊరుకోలేదు. "అయితే ఆడటం మానేద్దామా సార్?" అన్నాడు. మానొద్దురా నాయనా! మేము అడిగేది నీ బ్యాటింగు వంతు.

ఇక ఆడపిల్లల సంగతి. ఇక్కడ తప్పంతా ఊరి మీదే వేసి మనం తప్పించుకోలేం. ఇవాళ చెడుగుడులో ముగ్గుర్ని ఒక్క కూతలో అవుట్ చేసి వచ్చిన పిల్లని చూశారు గదా. పదిహేనేళ్ళు. జిల్లా సెలక్షన్స్‌కి పంపమంటే ఇంట్లో వద్దంటున్నారు. నిక్కరేసుకుని ఊరి మధ్యలోంచి ఎట్లా పోతుంది, రాత్రి బస్సు దొరక్కపోతే ఎట్లా, రేపు సంబంధాలొస్తాయా. మీ భయం మాకు తెలుసు. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసేదాకా పోయింది. మన పిల్లలు నలుగురు కూడే చోటికి తలెత్తుకుని పోతే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ ఆ పిల్ల ఏమన్నదో వినండి. "కూలికి పంపేటప్పుడు లేని భయం ఆటకి పంపేటప్పుడే ఎందుకొస్తది సార్?" దీనికి మా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే ఆ పిల్లకే చెప్పండి. 2014 మే 25న మన గురుకులాల్లో చదివిన ఇద్దరు పిల్లలు ఎవరెస్టు ఎక్కారు. మాలావత్ పూర్ణకి అప్పుడు పదమూడేళ్ళు, లంబాడీ బిడ్డ. ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత బిడ్డ. వాళ్ళని పంపిన తల్లిదండ్రులకీ భయముంది. అయినా పంపారు.

చెడుగుడు గురించి ఇంకో మాట. తాకకుండా ఆ ఆట లేదు. కాలు పట్టాలి, నడుం పట్టాలి, మట్టిలో కలిసి దొర్లాలి. ఊరి పిల్లలూ పల్లె పిల్లలూ కలిసి చెడుగుడు ఆడేట్టు చెయ్యాలని డ్రిల్లు మేష్టర్లతో ఎప్పట్నుంచో పోరుతున్నాం. కొన్ని బళ్ళలో డ్రిల్లు మేష్టారే లేడు, ఎవరితో పోరాలి?

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బళ్ళో వందమంది దాటితే వ్యాయామ విద్యకి పార్ట్‌టైం మేష్టారన్నా ఉండాలి. అది కాగితం మీదే ఉంటే గ్రామసభలో లేచి అడగాలి. ఊరి ఉమ్మడి స్థలాన్ని అందరితో సమానంగా వాడుకోకుండా మనల్ని అడ్డుకుంటే, 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం కింద అది నేరం. కేసుదాకా పోకుండానే మాటతో సరిచేసుకుంటే మంచిదే. చట్టం మాత్రం జేబులో ఉండాలి.

పిల్లలకి గెలిచిన సర్టిఫికెట్లు వస్తే గూట్లో చెదలకి వదలొద్దు. ఆట పేరు, స్థాయి, తేదీ, సంతకం, ముద్ర ఉన్నాయో లేదో అక్కడికక్కడే చూసుకోండి. రైల్వేలో, పోలీసులో క్రీడల కోటా ఉద్యోగాలున్నాయి. ఆ కాగితం సరిగ్గా లేకపోతే ఆడిన ఆటంతా లెక్కలోకి రాదు.

ఇక చెయ్యాల్సిన పని. చెరువు కట్ట కింద పోరంబోకు కంపల్లో మునిగి ఉంది. పెద్ద చెడుగుడు కోర్టుకి పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు చాలు. సర్పంచికి అర్జీ రాశాం, చదివి వినిపిస్తాం, సంతకాలు పెట్టండి. రానివాళ్ళు వేలిముద్రలు వెయ్యండి. మన సొంత బ్యాటూ బంతులకి ఇంటికి పది రూపాయలు చొప్పున రాస్తున్నాం. జిల్లా సెలక్షన్స్‌కి ఆ పిల్లతోపాటు ఇద్దరు తల్లులు వెళ్ళాలి. బస్సు ఛార్జీలు మేము, మా తోటి టీచర్లు పెట్టుకుంటాం. ఎవరొస్తారో ఇప్పుడే చేతులెత్తండి అక్కలారా, పేర్లు రాసుకుంటాం.