మెట్రో ఒప్పందాలు: చివరికి బిల్లు ఎవరిది?



కౌలాలంపూర్‌లో ఉన్న తెలుగువాళ్ళం కాబట్టి ఈరోజు రెండు ఊళ్ళ రైళ్ళ గురించి మాట్లాడదామనుకున్నాను. ఒకటి మనం ఉంటున్న ఊరు. రెండోది మనలో చాలామందికి అమ్మానాన్నలో, ఆస్తులో ఉన్న హైదరాబాదు. నేను ప్రాజెక్ట్ ఫైనాన్స్ రంగంలో పనిచేసేవాణ్ణి. పబ్లిక్-ప్రైవేట్ భాగస్వామ్యం, పొట్టిగా పీపీపీ, అనగానే కొందరు అభివృద్ధి అంటారు, కొందరు దోపిడీ అంటారు. నాకు మాత్రం ముందు తెలియాల్సింది ఒకటే: లెక్క తప్పిన రోజున నష్టం ఎవరు మోయాలని రాసుకున్నారు?

ముందు ఇక్కడి సంగతి చూడండి. మనం ఇవాళ అంపాంగ్, కెలానా జయా లైన్లు అంటున్నవాటిని స్టార్, పుత్రా అనే రెండు కంపెనీలు కన్సెషన్ మీద కట్టి 1996, 1998లలో మొదలుపెట్టాయి. ప్రయాణికులు అంచనా వేసినంతమంది రాలేదు. దానికి తోడు 1997 ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. 2001 నాటికి రెండు కంపెనీల అప్పు కలిపి దాదాపు 570 కోట్ల రింగిట్లు. 2002లో ప్రభుత్వ సంస్థ ప్రసరానా వాటిని తీసుకుంది. నగరం అలవాటుపడ్డ రైలుని ఆపేసే ధైర్యం ఏ ప్రభుత్వానికీ ఉండదు. ఆ సంగతి అప్పులిచ్చేవాళ్ళకి బాగా తెలుసు.

ఇక హైదరాబాదు. 2008లో మెట్రో టెండరు పిలిస్తే, బిడ్డర్లలో ప్రభుత్వమే గ్రాంటు ఇవ్వాలని అడిగినవాళ్ళుండగా, మేటాస్ కన్సార్టియం మాత్రం ఎదురు తానే ప్రభుత్వానికి 30,311 కోట్లు కడతానంది. దశాబ్దాల పాటు విడతలుగా ఇచ్చే డబ్బది. అరచేతిలో వైకుంఠం అంటే అదే. ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ గారు ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, 296 ఎకరాల ప్రభుత్వ భూమిని వ్యాపారానికి అప్పగించడాన్ని తప్పుపట్టారు. అసలు కన్ను రైలు మీద కాదు, భూముల మీద ఉందన్నది ఆయన అనుమానం. దానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన సమాధానం పరువునష్టం దావా బెదిరింపు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. అదే జూలైలో మేటాస్ ఒప్పందం రద్దయింది.

2010లో రెండో టెండరులో ఎల్ అండ్ టీ వచ్చింది. అడిగిన గ్రాంటు 1,458 కోట్లు. ఇరుకు రోడ్ల మధ్య అంత పని చేయడం చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2017 నవంబరులో రైలు నడిచింది. కానీ ఆదాయపు అంచనాలో సుమారు సగమే టిక్కెట్ల నుంచి, 45 శాతం భూమి మీద కట్టే మాల్స్, ఆఫీసుల నుంచి. అంటే భూమి రూపంలో ఇచ్చిన సబ్సిడీయే అసలు ఆధారం. ఆ కట్టడాలు అనుకున్నట్టు సాగలేదు. రాష్ట్రం విడిపోయాక అలైన్‌మెంట్ మీద వివాదం, 2020లో కోవిడ్‌తో నెలల తరబడి మూత, 2023 డిసెంబరు నుంచి బస్సుల్లో మహిళలకి ఉచిత ప్రయాణం. ఉచిత ప్రయాణం మంచి పథకమే కావచ్చు. కానీ మెట్రోలో భాగస్వామి అయిన ప్రభుత్వమే పక్కన ఉచితంగా బస్సు నడిపితే కంపెనీ ఊరుకుంటుందా? ప్రయాణికులు తగ్గారని గోల పెట్టింది. చివరికి 2025 సెప్టెంబరులో, సుమారు 13,000 కోట్ల అప్పుని తన మీద వేసుకుని, వాటాకి మరో 2,000 కోట్లు ఇచ్చి మెట్రోని తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

ఇక్కడ కంపెనీ బాగా లాభపడిందని నేననడం లేదు. అదీ నష్టాల్లోనే నడిపింది. నేననేది, కాగితం మీద ప్రైవేటు వాళ్ళకి ఇచ్చిన రిస్కు రెండు ఊళ్ళలోనూ తిరిగి ఖజానాకే చేరిందని.

మరి శంషాబాద్ విమానాశ్రయమూ పీపీపీయే కదా, 2008 నుంచి బాగానే నడుస్తోంది కదా అంటారు. నిజమే. అక్కడ ఫీజు కట్టేది మనలాంటివాళ్ళం. మెట్రో ఎక్కేది రోజూ పనికి వెళ్ళే ఉద్యోగులు, విద్యార్థులు. 2025 మేలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 75 చేస్తే జనం గొడవ చేశారు, వారం తిరక్కుండానే 69కి దించాల్సి వచ్చింది. టిక్కెట్టు పెంచితే ఓట్లు పోతాయి, పెంచకపోతే అప్పు తీరదు. ఈ చిక్కు ముందే తెలిసినా ప్రభుత్వాలు పీపీపీ వైపే ఎందుకు మొగ్గుతాయి? అప్పు బడ్జెట్లో కనపడదు. శంకుస్థాపన ఇవాళ, బిల్లు రెండు మూడు ఎన్నికల తర్వాత. సంతకం పెట్టిన ముఖ్యమంత్రి అప్పటికి ఆ కుర్చీలో ఉండడు.

ఇప్పుడు రెండో దశ 76.4 కిలోమీటర్లకి 24,269 కోట్ల అంచనాతో కేంద్రానికి ప్రతిపాదన వెళ్ళింది. ఈసారి కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా చేస్తామన్నారు. ఎవరు కట్టినా మనం అడగాల్సినవి మూడు. ప్రయాణికుల అంచనా ఎవరు వేశారు, అది తప్పితే ఎవరు భరిస్తారు? ఎంత భూమి, ఏ షరతుల మీద ఇస్తున్నారు? మధ్యలో ఒప్పందం మారిస్తే అది శాసనసభ ముందుకి వస్తుందా?

మిత్రులారా, మెట్రో అనగానే మనలో చాలామంది ముందు అడిగేది స్టేషన్ ఎక్కడొస్తుంది, అక్కడ గజం ఎంత అని. తప్పని నేననను. కానీ ఇదే హాల్లో ఆడిటర్లున్నారు, బ్యాంకర్లున్నారు, కాంట్రాక్టులు రాసే లాయర్లున్నారు. ఒప్పందంలో మెలిక ఎక్కడుందో పట్టుకోవడం మన రోజువారీ పని. భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ పత్రాలు అడగవచ్చు. మిగతావాళ్ళం వాటిని చదివి, మామూలు తెలుగులో నాలుగు పేజీలు రాసి అక్కడి పత్రికలకి పంపవచ్చు. ఆ పనికి పేరు ఇవ్వదలచుకున్నవాళ్ళు బయటికి వెళ్ళేముందు నన్ను కలవండి.

సెలవు.