పాల లెక్కలున్న కంప్యూటరులో రెండవ వ్యవస్థ
(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతి, నిజామాబాదు: సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠము)



విండోస్ 10కి కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటరులోనే ఉబుంటు వంటి ఉచిత వ్యవస్థను కూడా పెట్టుకోవచ్చునా అని సంఘాలవారు అడుగుతున్నారు. పెట్టుకోవచ్చు. అయితే పాల లెక్కల ప్రోగ్రాము విండోస్‌లోనే నడిచేదైతే విండోస్‌ను తీసివేయరాదు.

బోధన్ రైతు చెరకు నిలిచి ఉన్న చేనును దున్నడు. ఖాళీ ఉన్న మేరకు గట్టు వేసి వేరే పంట పెడతాడు. హార్డ్ డిస్కును విభజించడమూ అంతే.

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో గట్టు వేయకుండానే దున్నారు. "డిస్కు మొత్తం చెరుపు" అన్నదానిని ఎంచుకున్నారు. పక్షం రోజుల పాల లెక్క పోయింది. సభ్యుల చీటీలు చూసి బిల్లు మళ్ళీ రాయించాము. చీటీ పారవేసుకున్నవారి లెక్క తేలలేదు. నకలు తీసి ఉంచమని ముందుగా హెచ్చరించని తప్పు మాది కూడా.

కావున ఈ వరుస తప్పరాదు:

1. లెక్కలన్నిటి నకలు వేరే డిస్కులోకి తీసి, మరో కంప్యూటరులో తెరిచి చూడాలి.
2. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ అంకెలు రాసిపెట్టుకోవాలి.
3. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా విండోస్ భాగాన్ని కుదించి, కనీసం 25 గిగాబైట్లు ఖాళీ చేయాలి.
4. ఆ ఖాళీలోనే కొత్త వ్యవస్థను పెట్టాలి.
5. బిల్లు రోజున, కరెంటు నమ్మకం లేని వేళ ఈ పని ముట్టరాదు.

కంప్యూటరు సంఘానిది, అందులోని లెక్క సభ్యులది. సభ్యులు బిల్లు అందేవరకు చీటీలు పదిలపరచుకోవలసిందిగా మా మనవి. సెలవు.