పిచ్చుకలకు ఏ గింజలు వేయవలయును?

(తిరుచానూరులో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



ఇంటి చూరున వరి ఎన్నుల కుచ్చు కట్టు ఆచారము తెలుగు పల్లెలలో పూర్వమునుండి కలదు. కోతలయిన పిమ్మట మంచి ఎన్నులను ఏరి, జడవలె అల్లి, ఇంటి పంచలోను గుడి మండపములోను వ్రేలాడదీసెడివారు. బోద కొట్టములు పోయి మిద్దెలు వచ్చిన కొలది ఈ కుచ్చులును తగ్గినవి. తిరుచానూరు వంటి యాత్రాస్థలమున పక్షులకు తిండి లేకపోలేదు. పులిహోర మెతుకులు, కారపు బొరుగులు దొరకుచునే యున్నవి. అయితే ఉప్పు, నూనె కలిసిన తిండి పిచ్చుకకు తగినది కాదు.

ఊరపిచ్చుకకు కొర్రలు, సామలు, సద్దలు, వరినూకలు సరిపోవును. కొర్రలు పొట్టుతోనే వేయవచ్చును. ఒలుచుకొను పని అదియే చూచుకొనును. జొన్నలు, మొక్కజొన్నలు నేలపై చల్లినచో పావురములు గుంపుగా దిగి పిచ్చుకలను దరిచేరనీయవు. వ్రేలాడు కుచ్చుపై పావురము నిలువలేదు. పెద్దల ఉపాయములోని మేలు ఇదియే.

ఇక చెనక్కాయల సంగతి. పక్షులకు అవి బలమైన తిండియే. కాని వానకు తడిసి బూజు పట్టిన కాయలను ‘మనకు పనికిరావు, పక్షులైనా తినును’ అని పెరటిలో పోయరాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోయినవి. విచారింపగా, బ్రెజిలునుండి వచ్చిన వేరుశనగపిండి కలిసిన దాణాయే కారణమని తేలినది. అందలి బూజు పుట్టించిన విషమునకే తరువాత అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి.

అంతకంటె దగ్గరి ముప్పు, విత్తగా మిగిలిన గింజలు. మందు పట్టించిన విత్తనమైనచో ఆ సంగతి సంచి చీటీపై తెలుపవలయునని 1968 నాటి విత్తనముల నిబంధనలు చెప్పుచున్నవి. చీటీని చదువువారెందరు? సంచి అడుగున మిగిలినవానిని కళ్ళములో దులుపుటయే అలవాటు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు పట్టిన గింజలు కొద్దిగా తిన్నను పిచ్చుకకు ప్రాణాపాయము. ఇంటి కోళ్లకును ముప్పే. కొన్నవానికి ఎఱ్ఱని రంగు ఉండవచ్చును; ఇంటిలో కలిపినవానికి ఉండకపోవచ్చును. కడిగినంత మాత్రమున విషము పోయినదని నమ్మరాదు. మిగిలిన గింజలను బావులకు, చెరువులకు దూరముగా లోతున పూడ్చవలయును. చేనిగట్టున ఒలికినవానిపై కూడ మట్టి కప్పవలయును. విత్తనములు పంపిణీయగు దినములలోనే పంచాయతీవారు దీనిని చాటింపు వేయించవలెనని మేము కోరుచున్నాము.

మరియొక మాట. గూటిలోని పిల్లలకు తల్లిపిచ్చుక పురుగులనే ప్రధానముగా తెచ్చి పెట్టును. కావున పెరటిలో మందు కొట్టని పొద ఒక్కటైనను ఉండనిండు. వేసవిలో మట్టి మూకుడులో నీరు పోసి, దినదినము మార్చవలయును. తడిసిన పాత గింజలను ఊడ్చివేయవలయును.

కుచ్చు అల్లుట తెలిసిన వృద్ధులు ఇంకను ఉన్నారు. బడిపిల్లలకు ఒక పూట నేర్పించిన చాలును. అయితే యంత్రముతో కోసిన మడిలో కుచ్చుకు తగిన ఎన్నులు మిగులవు. యంత్రము దిగకముందే, ఇటీవల మందు కొట్టని మూల చూచి, కొడవలితో నాలుగు పిడికిళ్లు కోసి ఉంచుకొనవలయును.