చిన్న కారా, పెద్ద కారా?



పూర్వము మనవారు బండి కొనదలచినచో ఎడ్ల బలమును, ఇరుసు గట్టిదనమును, ఊరి బాటను చూచి కొనుచుండిరి. నేడు కుమారులును మనుమలును నగరమునుండి ఫోను చేసి, “ఖరీదైన ఎస్.యు.వి. కొనుచున్నాము, చిన్నది తీసికొందుమా, పెద్దది తీసికొందుమా?” అని అడుగుచున్నారు. ఆ సొమ్ములో కొంత, తాతలనాటి పొలము నమ్మగా వచ్చినదైనచో, ఇంటి పెద్ద “నీ యిష్టము నాయనా” యని యూరకుండరాదు.

ఎస్.యు.వి. యనగా నేలకు ఎత్తుగా నుండు దృఢమైన కారు. 1941 ప్రాంతమున అమెరికా సైన్యమునకై తయారైన జీపు దీనికి మూలపురుషుడు. ఆంగ్లేయులు 1970లో రేంజ్ రోవరును వెలువరించిన పిమ్మట, గతుకుల బాటల బండి క్రమముగా భోగవస్తువైనది.

మాట స్పష్టమగుటకై ఒకే సంస్థవారి రెండు బండ్లను తీసికొందము. బి.ఎమ్.డబ్ల్యు. వారి ఎక్స్ 1 చిన్నది. ఎక్స్ 7 పెద్దది. రెండును చెన్నపట్టణ సమీపమున కూర్పబడుచున్నవే. చిన్నదాని పొడవు 4.50 మీటర్లు, పెద్దదాని పొడవు 5.18 మీటర్లు, భేదము మూరన్నర. వెడల్పులు 1.85 మీటర్లు, 2 మీటర్లు. భేదము జానెడైనను లేదు. ఇంత స్వల్పమునకు ఇంత చర్చ యేలనందురేమో! మన బాటలను కొలిచి చూడుడు. గ్రామీణ రహదారులలో తారు వేసిన భాగము సాధారణముగా 3.75 మీటర్లు; రాకపోకలు తక్కువైనచోట 3 మీటర్లే. కోతల కాలమున సగము బాటపై ధాన్యము ఆరబోసిన యెడల మిగులునది 1.87 మీటర్లు. చిన్న బండి ప్రాణములు బిగబట్టి దాటిపోవును. పెద్దదాని చక్రము రైతు కష్టముపై నెక్కును. బాటపై ఆరబోయుట తప్పే. కాని కల్లము లేనివాడేమి చేయును? ఇక బస్సు ఎదురైనచో రెండును ప్రక్కకు దిగవలసినవే.

అయినను పెద్దదానికి గుణములు లేవనరాదు. దూరప్రయాణమున అది పడవవలె సాగును. గాలితో పనిచేయు స్ప్రింగులుండుటచే, ఎక్కునప్పుడు కొంత క్రిందికి దిగును. మోకాళ్ల నొప్పులవారికి అది మేలు. మూడు వరుసలలో ఆరుగురో యేడుగురో కూర్చుండవచ్చును. కాని అందొక చిక్కున్నది. మూడవ వరుసలో మనుష్యులు కూర్చున్నచో సామానుకు మిగులు చోటు 326 లీటర్లు మాత్రమే. ఐదుగురు కూర్చుండు చిన్నదాని వెనుక సుమారు 500 లీటర్ల చోటున్నది. ఏడుగురు పెండ్లికి బయలుదేరిన పిమ్మట పెట్టెలు ఒడిలో పెట్టుకొనవలసివచ్చుట పెద్ద బండియందే సంభవించును. పైగా ఆ చివరి వరుసలోనికి దూరుట పిల్లలకు ఆట, అవ్వకు శిక్ష.

బురద సంగతి వేరు. మన దేశమున విక్రయమగు ఎక్స్ 1 బండ్లలో ఇంజను శక్తి ముందు చక్రములకే అందును. ఎక్స్ 7లో నాలుగు చక్రములకును అందును. అందుచే తడిసిన నల్లరేగడిలో పెద్దదే మెరుగని తోచును. అయితే దాని బరువు సుమారు రెండున్నర టన్నులు. ఒకసారి దిగబడినచో లాగుటకు ట్రాక్టరు రావలసినదే. పెద్ద బండ్లకు వేయు 20, 21 అంగుళముల చక్రములకు రబ్బరు అంచు పలుచన. గతుకునకు చక్రమే దెబ్బతినును. పొలము గట్టు వరకు పోవుటకు ఈ రెంటిలో నేదియు నిర్మింపబడలేదని నా యభిప్రాయము. ఆ పనికి ఇంటనున్న పాత జీపే చాలును.

ధర విషయము. చిన్నది సుమారు అరకోటి. పెద్దది కోటి దాటి చాల పైకి పోవును. చిన్నదనుటచే పన్ను తగ్గునని భ్రమపడకుడు. 2025 సెప్టెంబరు 22 నుండి అమలైన 18 శాతము జి.ఎస్.టి., నాలుగు మీటర్లకు మించని పొడవును చిన్న ఇంజనును గల కార్లకే. ఈ రెంటికిని 40 శాతమే. రాష్ట్రమువారి జీవితకాలపు పన్ను ధరపై లెక్కింపబడును గనుక అచ్చటను పెద్దదే ఎక్కువ మ్రింగును. బరువైనదే క్షేమమందురా? చిన్న ఎక్స్ 1 బండియే 2022లో ఐరోపా వారి యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రములు పొందినది.

నా తీర్పిది. నెలకొక్కసారియైనను ఆరుగురు కలసి రాజమార్గమున దూరము పోవు కుటుంబమునకు పెద్దది తగును. ఏడాదికొకసారి సంక్రాంతికి వచ్చు బంధువులకై కోటి వెచ్చించుట తగదు. ఆ నాలుగు దినములకు మరియొక బండి అద్దెకు తీసికొనవచ్చును. భేదమునకగు సొమ్ముతో అమ్మకుండ మిగిలిన ఎకరము ఇంటనే యుండును.

బయానా నిచ్చుటకు ముందు దుకాణమువారిని అడిగి బండిని ఊరికి రప్పింపుడు. అద్దములు విప్పియుంచి వీధి గుమ్మములోనుండి లోనికి పోనిచ్చి చూడుడు. ఇంటి ముసలమ్మను వెనుక వరుసలో కూర్చుండబెట్టి, కాళ్లెక్కడ పెట్టుకొనగలదో ఆమెనే అడుగుడు.