గద్వాలలో సముద్రపు నత్తలు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



కార్యదర్శిగారు "మీ ఇంటి నత్తల గురించి ఒక పావుగంట చెప్పండి" అన్నారు. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకునే వేదిక మీద నత్తల గురించి మాట్లాడాలంటే కొంత బిడియంగానే ఉంది. అయితే రెండింటి నడకా ఒకటే కనుక కాదనలేకపోయాను.

మనకు నత్త కొత్త కాదు. చెరువుల్లో, కాలువల్లో చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. దేవుడి అర్రలోని శంఖం, పచ్చీసు ఆడే గవ్వ కూడా సముద్రపు నత్తలు కట్టుకున్న ఇళ్లే. మంచినీటి తొట్టిలో నత్త వేస్తే అడగకుండానే సంతానం పెరుగుతుంది. మన చెరువు నత్తల్లో ఒక రకమైతే ఏకంగా బుల్లి గుల్లతో సహా పిల్లలనే కంటుంది. ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నవారు మాత్రం నన్నడిగే ప్రశ్న ఒక్కటే: "అద్దం మీద గుడ్లు కనిపిస్తున్నాయి, పిల్లలు ఒక్కటీ కనిపించవు, ఎందుకని?"

కారణం చెబుతాను. సముద్రపు నత్తల్లో చాలావాటి పిల్లలు పుట్టగానే పాకవు. కంటికి ఆనని నలుసుల్లా నీళ్లలో తేలుతూ తిరుగుతాయి. దుకాణాల్లో దొరికే సెరిత్ అనే మేకులాంటి పొడుగు నత్త, ఇసుకలో దూరే నసారియస్ చాలామటుకు ఈ కోవవే. వాటి పిల్లలు రోజులు, వారాల తరబడి సముద్రంలోని సూక్ష్మమైన నాచును తింటూ తేలాలి. మన తొట్టిలో ఆ నాచు లేదు, పైగా ఫిల్టరు మోటారు ఉంది. తెల్లారేసరికి అన్నీ అందులోకే పోతాయి.

రెండో రకం సద్దిమూట కట్టుకుని బయల్దేరేవి. తల్లి గుడ్డులో పెట్టిన పచ్చసొనే వాటి సద్ది. అది అయిపోయేలోగా, కొద్ది రోజుల్లోనే, నేలకు దిగి పాకుతాయి. ట్రోకస్ అనే బొంగరంలాంటి నత్త ఈ జాతిది. పసిఫిక్ ద్వీపాల్లో దాన్ని హేచరీల్లో పెంచి మళ్లీ సముద్రంలో వదులుతున్నారు. మూడో రకం పిల్లలు గుడ్డుతిత్తి లోపలే పెరిగి, నడక నేర్చాకే బయటికొస్తాయి. మన పూజలోని శంఖం అటువంటిదే. మద్రాసు ఫిషరీస్ శాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1914లో ఈ శంఖం మీద ఒక గ్రంథమే ప్రచురించాడు. అయితే శంఖం పెద్ద జీవి. ఇసుకలోని పురుగులను తిని బతుకుతుంది. మన తొట్టికి అది తగదు.

నేను ఎంచుకున్నది స్టొమటెల్లా, ట్రోకస్‌కు చుట్టం. చపటి గుల్ల, చూస్తే సగం జలగలా ఉంటుంది. పగలు రాయి కింద దాక్కుని, రాత్రి నాచు మేస్తుంది. పట్టుకుంటే బల్లిలా తోక తుంచుకుని పారిపోతుంది. హైదరాబాదులో ఒక ఔత్సాహికుడి తొట్టిలో పుట్టినవి నాలుగు తెచ్చుకున్నాను. ఆడ, మగ వేరైనా మన కంటికి తేడా తెలియదు కాబట్టి నాలుగైదు ఉండాలి. ఒకనాటి రాత్రి టార్చి వేసి చూస్తే ఒకటి రాతి పైకెక్కి పొగలాంటిది వదిలింది, కాసేపటికి మిగతావీ వదిలాయి. ఆ రాత్రికి ఫిల్టరు ఆపి, గాలిబుడగల గొట్టం ఒక్కటే ఉంచాను. కొన్ని వారాలకు వెనక అద్దం మీద ఆవగింజంత చుక్కలు కనిపించాయి. వాటి మేత ఆ అద్దం మీది పచ్చపొరే. "ముందు అద్దం తుడుస్తారు, వెనకది పాచిపట్టి ఉంది, ఇదేం పని?" అని మా ఇంటామె ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. ఖాళీ గుల్లల్లో కాపురముండే పీతలను మాత్రం ఈ తొట్టిలో వేయరాదు. గుల్ల కోసం నత్తనే చంపుతాయి.

ఇక నీటి సంగతి. వంట ఉప్పు కలిపితే సముద్రం కాదు. సముద్రపు లవణాల్లో అది సుమారు 85 శాతమే. మిగతా మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివి లేకపోతే గుల్ల కట్టడం సాగదు. అక్వేరియం కోసం తయారుచేసిన లవణాన్ని ఆర్.ఓ. నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన కలుపుతాను. కొత్త తొట్టిలో వెంటనే ప్రాణి వేయరాదు. అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు స్థిరపడడానికి నెల, నెలన్నర పడుతుంది.

మన ఎండల్లో అసలు పరీక్ష మే నెల. నీటి ఉష్ణోగ్రత 28 డిగ్రీలు దాటకుండా చూస్తాను. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే కూజా నీరు చల్లబడ్డట్టే చల్లబడుతుంది, కాని నీరు ఆవిరైపోతుంది. ఇక్కడ గుమాస్తా లెక్క పనికొస్తుంది. వంద లీటర్లలో మూడున్నర కిలోల ఉప్పుంది. నీరు తొంభైకి తగ్గినా ఉప్పు నిల్వ అలాగే ఉంటుంది, అంటే లీటరుకు 39 గ్రాములు. కనుక తగ్గినంత మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ పంపు ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

రాగి నత్తలకు విషం. ఒక మిత్రుడి చేపలకు మచ్చలు వస్తే దుకాణంవారు ఏ ఇబ్బందీ లేదని చెప్పి రాగి కలిసిన మందు ఇచ్చారు. మూడు రోజుల్లో ఆయన నత్తలన్నీ పోయాయి. మందు సీసా మీది అక్షరాలు భూతద్దం పెట్టయినా చదవండి.

ఇంకొక మాట, చట్టం గురించి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో పగడాలను, కొన్ని రకాల సముద్రపు నత్తలను 2001లో చేర్చారు. సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాళ్లు చవకగా ఇస్తామంటే తీసుకోకండి. పింగాణి, సిమెంటు రాళ్లతో పని జరుగుతుంది. ఇంట్లో పుట్టిన నత్త అయితే సముద్రం నుంచి ఏరి తెచ్చిందన్న పేచీ లేదు.

ఖర్చు దాచను. పెన్షన్ మీదే ఇల్లు నడిచేవారికి, ఏడాదిలో నాలుగు నెలలు పిల్లల దగ్గర ఉండేవారికి ఇది వద్దంటాను. నిత్యం నీళ్లు చూసే మనిషి లేకపోతే ఆ మూగజీవాలకు అన్యాయం చేసినట్టే.

మా ఇంట పుట్టిన పిల్లలు ఇప్పటికి వనపర్తిలో ఒకరింటికి, నాగర్‌కర్నూలులో ఇద్దరిళ్లకు వెళ్లాయి. తొట్టి సిద్ధంగా ఉన్నవారు వస్తే మరో పది ఇవ్వగలను. బిగుతు మూత ఉన్న వెడల్పు సీసా తెచ్చుకోండి, బస్సు కుదుపులకు ఉప్పునీరు ఒలుకుతుంది. ఇంటికి వెళ్లాక ఒక్కసారిగా తొట్టిలో వేయక, మీ తొట్టి నీరు చుక్కచుక్కగా గంటసేపు ఆ సీసాలో కలిపి, ఆ తర్వాతే వదలండి. రాయి మీద, వెనక అద్దానికి దగ్గరగా.