బావను ఓడించి, సభను వదిలి



బుక్కరాయసముద్రం మండలం జంతలూరులో స్నాతకోత్సవ ప్రసంగం చేయమని పిలుపు రాగానే నాకు పక్క మండలం మనిషొకాయన గుర్తొచ్చారు. శింగనమల మండలం తరిమెల ఆయన ఊరు.

తరిమెల నాగిరెడ్డి 1917లో పెద్ద భూస్వాముల ఇంట పుట్టారు. రిషివ్యాలీ, మద్రాసు లయోలా, కాశీ హిందూ విశ్వవిద్యాలయం. ఆ రోజుల్లో అనంతపురం జిల్లా కుర్రవాడికి అంతకంటే మంచి చదువు దొరకడం కష్టం. ఆ చదువంతా చదివి ఆయన కమ్యూనిస్టు అయ్యారు. తండ్రులెవరైనా కంగారు పడుతుంటే పడకండి, నేను పార్టీ ప్రచారానికి రాలేదు.

1952 మొదటి సాధారణ ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి సీపీఐ తరఫున నిలబడ్డారు. ఎదుట కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. పరాయివాడు కాదు, తోబుట్టువు నాగరత్నమ్మ గారి భర్త, వరసకు బావ. మన సీమలో బంధువుల మధ్య గట్టు తగాదా వస్తేనే రెండు తరాలు మాటలుండవు. అలాంటి చోట ఈ ఇద్దరూ దేశం ఎటు పోవాలన్న వాదనను ఎన్నికల బరిలో తేల్చుకున్నారు. బావ ఓడిపోయారు.

తర్వాత నాగిరెడ్డి 1957లో లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు, 1967లో మళ్లీ అనంతపురం నుంచి గెలిచారు.

అసలు కథ 1969ది. శాసనసభ వల్ల జనం కష్టాలు తీరవు, ఇక జనంలోకే పోతానని సభలోనే చెప్పి, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. విచిత్రం చూడండి, అదే ఏడాది సంజీవరెడ్డి గారు లోక్‌సభ స్పీకర్ పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికకు నిలబడి వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. 1976 జులైలో, ఎమర్జెన్సీ రోజుల్లో, అజ్ఞాతంలో ఉండగానే నాగిరెడ్డి కన్నుమూశారు. మరుసటి ఏడాదే బావ రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు.

ఆ రాజీనామా విషయంలో నేను నాగిరెడ్డి గారితో ఏకీభవించను. విషయం తెలిసినవాడు లేచి వెళ్లిపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, తెలియనివాడు వచ్చి కూర్చుంటాడు. సభకు వెళ్లడం ఎంత విలువైందో చెప్పడానికి ఇంకో మాట. తరిమెల, బుక్కరాయసముద్రం రెండూ ఇవాళ శింగనమల నియోజకవర్గంలోనే ఉన్నాయి. అది ఎస్సీ రిజర్వుడు స్థానం. 2014లో యామినిబాల, 2019లో జొన్నలగడ్డ పద్మావతి, 2024లో బండారు శ్రావణిశ్రీ, వరసగా ముగ్గురు దళిత మహిళలు అక్కడ గెలిచారు. వాళ్ల పార్టీల మీద, పనితీరు మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. కానీ ఒకప్పుడు భూస్వాముల మాటే చెల్లిన పల్లెల నుంచి వీళ్లు సభకు వెళ్లడం చిన్న సంగతని నేననలేను.

అయినా నాగిరెడ్డి గారి దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. రాజీనామా తర్వాత ఆయన్ను అరెస్టు చేసి కుట్ర కేసు పెట్టారు. ముద్దాయిగా కోర్టుకిచ్చిన వాంగ్మూలమే 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది. తెరిచి చూడండి. ఆవేశం కంటే అంకెలే ఎక్కువ కనిపిస్తాయి. విదేశీ పెట్టుబడులు, అప్పులు, ఒప్పందాలు, అన్నిటికీ ప్రభుత్వ నివేదికల నుంచే ఆధారాలు చూపిస్తారు. ఆయన తేల్చినవాటిలో సగం నేను ఒప్పుకోను. ఆ కసరత్తుకు మాత్రం ఏ పీహెచ్‌డీ గైడైనా దణ్ణం పెట్టాల్సిందే.

మీకూ ఆ పనే అప్పగిస్తున్నాను. ఊరికి వెళ్లాక, మీ ఎమ్మెల్యే సభలో అడిగిన ప్రశ్నలు, మంత్రులిచ్చిన జవాబులు తెప్పించుకుని చదవండి. హెచ్చెల్సీ కాలువ నీళ్లు, హంద్రీ-నీవా పిల్లకాలువలు, వేరుశనగకు పంటల బీమా, ఏది మీ ఇంటికి దగ్గరైతే అది తీసుకోండి. జవాబులో చెప్పింది పొలంలో కనపడకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. ఎమ్మెల్యే ఆఫీసుకెళ్లి మర్యాదగా, కాగితాలు చేతిలో పట్టుకుని అడగండి. అసెంబ్లీకి పోటీ చేయడానికి ఇరవై ఐదేళ్లు నిండితే చాలు. మీలో కొందరికి ఆ వయసు వచ్చే ఉంటుంది, నామినేషన్ వేసే ధైర్యం ఉన్నవాళ్లు వేయండి.